టేకు తలుపు మీద ఆకు ముడత

తమ్ముడూ,

నీ ప్రశ్న చదివాను, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. పూజగది తలుపుకు అంగుళంన్నర మందం టేకు పలక మీద లత చెక్కుతున్నావు. తీగ చక్కగా తిరిగింది. ఆకులు మాత్రం పలక మీద బిస్కెట్లు అతికించినట్టు ఉన్నాయని, కొనలు ముడిచినట్టు చూపిద్దామని లోతు తీస్తే మూడు చోట్ల పుటుక్కున విరిగాయని రాశావు. మంచి వీ ఉలి, అంటే V ఆకారం మొన ఉన్నది, కొనాలా, సాండ్‌పేపర్ ఇంకా ఎక్కువ పట్టాలా అని అడిగావు. ఆ రెండిటితో ఇది తీరదు. నీ చెయ్యి బాగానే ఉంది, గాట్లు శుభ్రంగా ఉన్నాయి. ఆకు ఎలా ముడుచుకుంటుందో నువ్వు ఇంకా దగ్గరగా చూడలేదు, అందుకే ఉలిని ఎటు నడపాలో తెలియడం లేదు.

నేను సిరొంచలో ముప్పై ఏళ్లుగా నగిషీ పని చేస్తున్నాను. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు మాది. వంతెన దాటితే కాళేశ్వరం, ఇటు పైకి పోతే అల్లపల్లి టేకు అడవి. మా గిరాకీ సగం తెలుగువాళ్లు, సగం మరాఠీవాళ్లు. వాళ్లు 'కోరీవ్ కామ్' అంటారు, మనం నగిషీ అంటాం. అడిగేది మాత్రం అందరూ ఒకటే, ఆకు నిజం ఆకులా ఉండాలని.

నువ్వు బల్లార్షాలో ఉంటానన్నావు కాబట్టి ఆకుల కోసం దూరం పోనక్కర్లేదు. చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా టేకు ఆకు రాలుతూనే ఉంటుంది. చెట్టు మీది పచ్చిది ఒకటి, సగం ఎండినది ఒకటి, గలగలమనేది ఒకటి తెచ్చుకుని వరసగా పెట్టుకో. పచ్చిది దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. సగం ఎండినదానికి అంచులు లేస్తాయి. పూర్తిగా ఎండినది చుట్టుకుపోతుంది. ఆకు కండ పల్చన, తడి ఆరగానే కుంచించుకుపోతుంది. ఈనెలు గట్టివి, అవి అంతగా లొంగవు. అందుకే ముడత ఈనెను అడ్డంగా విరుచుకుని పోదు. రెండు ఈనెల మధ్య కండలో చిన్న గుంటలా మొదలై, అంచు వైపు పోతూ పెద్దదవుతుంది. నువ్వు చెక్కిన ఆకులో ముడతలు ఈనెలతో సంబంధం లేకుండా ఇష్టమొచ్చినచోట ఉన్నాయి. చూసేవాడికి అది ఫలానా తప్పు అని చెప్పడం రాకపోయినా, కంటికి ఏదో తేడాగా తగులుతుంది.

ఇంకో పెద్ద సంగతి. బఠాణీలు పోసి ఇచ్చే కాగితం పొట్లం గుర్తు తెచ్చుకో. ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం. ఆకు ముడత ఎప్పుడూ అలాగే ఉంటుంది. కొన దగ్గర బిగుతుగా చుట్టుకుని, తొడిమ వైపు వచ్చేకొద్దీ వదులై, చివరికి చదునులో కలిసిపోతుంది. నువ్వేమో అంచు పొడవునా ఒకే లావులో గుండ్రంగా తీశావు. అది కజ్జికాయ అంచులా వచ్చింది. నేర్చుకునే పిల్లల్లో నూటికి తొంభై మంది ఇక్కడే ఆగిపోతారు. ఎందుకంటే ఒకే లావు చెక్కడం చేతికి సులువు, సన్నం నుంచి లావుకు జారడం కష్టం.

కాగితంతో ఒకసారి చేసి చూడు. పెళ్లి శుభలేఖ లాంటి మందం కాగితం ఆకులా కత్తిరించు. రెండు వైపులా నడి ఈనె, పక్క ఈనెలు పెన్నుతో గీయి. ఇప్పుడు ఒక పక్క కొనను ఏటవాలుగా పెన్సిలు మీద చుట్టి వదులు. నడి ఈనె ముడత కిందకు పోయి కనపడకుండా అయిపోతుంది. మళ్లీ ఎక్కడ బయటికొస్తుందో గమనించు. ఆ దాగిన భాగాన్ని మనసులో కలిపితే ఒకే వంపుగా సాగాలి. నీ రెండో ఫొటోలో ఎడమ ఆకుకు ఈనె ముడత కిందకు ఒక చోట పోయి, ఇంకో చోట లేచింది. నడుము విరిగినట్టుంది. కట్టె మీద పెన్సిలుతో గీసేటప్పుడు దాగిన భాగాన్ని కూడా చుక్కలుగా గీసుకో, ఈ తప్పు మళ్లీ రాదు.

ఈనెల గురించి నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఇరవై రెండేళ్ల వయసులో ఒక పెద్దింటి దర్వాజకు నలభై ఆకులు చెక్కాను. ముడిచిన భాగం మీద కూడా వీ ఉలితో గాడి తీసి ఈనెలు వేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. సాయంత్రం మా పెదనాన్న వచ్చి ట్యూబ్‌లైట్ ఆర్పేసి, ఒకే ఒక్క బల్బు నేల మీద పక్కకు పెట్టాడు. ఒక ఎండిన టేకు ఆకును నేను చెక్కిన ఆకు పక్కన ఆనించాడు. నిజం ఆకు వెనక వైపు ఈనెలు తాళ్లలా ఉబ్బి వెలుతురు పట్టుకున్నాయి. నావి నల్లటి గీతల్లా లోపలికి పోయాయి. "ఆకు వెనక్కి తిరిగిందని చెక్కినవు గానీ బిడ్డా, వెనక ఏముంటదో తిప్పి చూడలే" అన్నాడు. టేకు ఆకుకు పై వైపు ఈనెలు కాస్త లోపలికి నొక్కినట్టుంటాయి, అడుగున ఉబ్బి ఉంటాయి. ఉబ్బెత్తుగా తీయడానికి నా ఆకుల మీద కట్టె మిగల్లేదు. నలభై ఆకుల ముడతలూ రెండు మిల్లీమీటర్లు దించి, ఈనె ఉన్న చోట మాత్రం కట్టె వదిలి మళ్లీ చెక్కాను. పదకొండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ముడత మీద ఈనె ఎక్కడ వస్తుందో మొదటి రోజే గుర్తు పెట్టి అక్కడ కట్టె దాచుకుంటాను.

ఇక కట్టె. నీ దగ్గరున్నది మన అడవి టేకు. అయోధ్య గుడి తలుపులకు 2023 మార్చిలో మీ బల్లార్షా నుంచే పూజ చేసి పంపింది ఈ టేకే. తలుపుకు దీనికంటే మంచి కట్టె లేదు. కానీ నేర్చుకునేవాడికి కొంచెం మొండిది. ఇందులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, ఉలి అంచు త్వరగా మొద్దుబారుతుంది. పదిహేను ఇరవై నిమిషాలకోసారి తోలు పట్టీ మీద పాలిష్ సబ్బు రాసి ఉలిని వెనక్కి లాగాలి. మనకు తెలియకుండానే ఉలి మొద్దుబారితే మనం బలం పెడతాం, బలం పెట్టినప్పుడే కొన ఎగిరిపోతుంది. ముందు ఒక ఆకు గుమ్మడి టేకు ముక్క మీద చెయ్యి. మరాఠీలో దాన్నే శివణ్ అంటారు. మెత్తగా, నార సమంగా ఉంటుంది, ఎక్కువ వంకరపోదు. మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు మొదట అదే ఇస్తాను.

నీ కొనలు విరిగింది నార వల్ల. తలుపు పలకకు నార నిలువుగా ఉంది. పైకో కిందకో చూసే కొనలు నిలిచాయి, పక్కకు చూసే మూడూ విరిగాయి, చూసుకో. పక్కకు పోయే కొనలో నార అడ్డంగా తెగి పొట్టి పొట్టి ముక్కలైపోతుంది, బిస్కెట్ తుంచినట్టు తుంచుకుంటుంది. కాబట్టి బొమ్మ గీసేటప్పుడే ఎక్కువ ముడిచే కొనలను నార వెంట తిప్పు. పక్కకు చూసే ఆకు తప్పదంటే దాని కొన పక్క తీగ మీదో, ఇంకో ఆకు వీపు మీదో, కనీసం నేల (ఆకు చుట్టూ దించిన పలక అడుగు) మీదో ఆనేలా గీయి. అడవిలో కూడా ఆకులు ఒకదాని మీద ఒకటి వాలే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. నేను గాలిలో వదిలే కొన మొదట్లో ఆరు మిల్లీమీటర్ల కంటే తక్కువ మందం ఎప్పుడూ పెట్టను. దాన్ని పల్చగా చూపించడం వేరే కిటుకు, దానికి కింద వస్తాను.

ఒక ఆకు నేను ఎలా చెక్కుతానో చెప్తాను. నాలుగు అంగుళాల ఆకు, నీ పలక మీద ఇరవై మిల్లీమీటర్ల లోతు అనుకుందాం. మిగతా పద్దెనిమిది పలక బలం కోసం ముట్టుకోవద్దు.

చుట్టూ నేల దించేటప్పుడు ఆకు గీత మీద ఉలిని నిటారుగా దింపకు. కొంచెం బయటికి వాల్చి దింపు, ఆకు కింద కట్టె దిబ్బలా విశాలంగా నిలబడాలి. గీతకు రెండు మిల్లీమీటర్లు బయటే ఆగు. తర్వాత పెద్ద వెడల్పు గుండ్రటి ఉలి, పదహారు మిల్లీమీటర్లది, తక్కువ వంపు ఉన్నది తీసుకుని ఆకు మొత్తానికి ముద్ద రూపం ఇయ్యి. తొడిమ దగ్గర లోతుకు పోయి, నడుమ లేచి, కొన దగ్గర మళ్లీ వాలాలి. ఈ దశలో ఈనెలు లేవు, అంచు అలలు లేవు. కళ్లు సగం మూసి చూస్తే, దూరం నుంచి గాలికి ఊగే గుడ్డలా కనపడాలి. ఇది కుదరకపోతే ముందుకు పోకు. మా దగ్గర ఒక ఆకుకు రెండు గంటలు పడితే అందులో గంట ఈ ముద్దకే పోతుంది.

ఇప్పుడు ముడత. దాని శిఖరం, అంటే అన్నిటికంటే ఎత్తైన గీత, పెన్సిలుతో వేసుకో. అది కొన దగ్గర అంచుకు ఆనుకుని మొదలై, ఏటవాలుగా ఆకు లోపలికి వస్తుంది. చెక్కుతున్నప్పుడు ఆ గీత చెరిగిపోతే మళ్లీ వేసుకో, అది పోతే దారి పోయినట్టే. ముడిచిన అంచు ఆకు మీద ఎక్కడ వాలిందో అక్కడ దానికి సరిపోయే వంపున్న ఉలిని నిలబెట్టి మెల్లగా ఆపు గాటు, అంటే తర్వాతి కోత దాటిపోకుండా ఆపే గాటు, పెట్టు. ఆకు నడుమ నుంచి ఆ గాటు వైపుకు చిన్న ఉలితో పల్చని పొరలు తీసుకుంటూ రా. గాటు, పొర, గాటు, పొర. ఒకేసారి మూడు మిల్లీమీటర్లు దిగకు. కొన వైపు ఈ గుంట సన్నగా లోతుగా ఉండాలి, తొడిమ వైపు వెడల్పై తేలిపోవాలి. పొట్లం మర్చిపోకు.

గుంట తీసేటప్పుడు ఒక పక్క ఉలి నున్నగా పోతుంది, ఎదురు పక్క నార లేచి చీలుతుంది. రెండు గోడలకూ నార ఒకే దిక్కులో ఉండదు కదా. అప్పుడు తిరిగి అవతలి వైపు నుంచి రావాలి. ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి కొయ్యి. ఉలిని తిన్నగా తోయడం కాకుండా మణికట్టు తిప్పుతూ కొంచెం పక్కకు జార్చు, తమలపాకును కత్తెరతో కాకుండా కత్తితో కోసినట్టు. అలా కోసిన చోట టేకు మెరుస్తుంది. ఆ మెరుపును ఏ సాండ్‌పేపర్ ఇవ్వలేదు.

తర్వాత అంచు. టేకు ఆకు అంచు పెద్దగా రంపపు పళ్లలా ఉండదు, కాబట్టి అందం అంతా ఎత్తుపల్లాల్లోనే ఉంది. పక్క ఈనె అంచును తాకే చోట కొంచెం లేపు, రెండు ఈనెల మధ్య దించు. అన్ని అలలూ ఒకే కొలతలో రానీయకు. ఒకటి గట్టిగా వాలితే పక్కది ఊరికే కదిలినట్టుండాలి. నీ లతలో అలలు ముగ్గు చుక్కల్లా సమంగా పడ్డాయి, అందుకే అవి బిస్కెట్లు అయ్యాయి.

ఈనెలు అన్నిటికంటే చివర. నడి ఈనె తొడిమ దగ్గర లావు, కొన చేరేసరికి వెంట్రుక. పక్క ఈనెలు నడి ఈనె నుంచి చీపురు పుల్లల్లా తిన్నగా బయలుదేరవు, కొంత దూరం దాని వెంటే వచ్చి వంపు తిరుగుతాయి. వీ ఉలితో గాడి తీశాక ఒక పక్క ఒడ్డును తక్కువ వంపు ఉలితో తేలిక చెయ్యి. రెండు ఒడ్లూ పదునుగా ఉంటే నాగలి చాలులా కనిపిస్తుంది.

ఇక పల్చదనం. ఆకును నిజంగా పల్చగా చెక్కితే టేకు అయినా నాలుగు దీపావళులు నిలవదు, తుడిచే గుడ్డకు తట్టుకుని పోతుంది. అంచు మాత్రమే ఒకటిన్నర మిల్లీమీటరు ఉంచి, దాని కిందుగా లోపలికి ఏటవాలుగా కొయ్యి. లోపల కట్టె దిట్టంగానే ఉంటుంది. ముందు నుంచి చూసేవాడికి అంచు, దాని కింద నీడ, ఆ రెండే కనపడతాయి. నీడే ఆకును పల్చన చేస్తుంది. ఇది మన పక్కనే రాతిలో చూడొచ్చు. వంతెన దాటి భూపాలపల్లి మీదుగా రామప్ప గుడికి ఒకసారి పో. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అందరూ ఆ నల్లరాతి బొమ్మల దగ్గరే ఆగుతారు. నువ్వు గర్భగుడి ద్వారం దగ్గరి సన్నపని ముందు నిలబడి, రాయి ఎంత మందంగా వదిలారో, చీకటి ఎంత లోతుగా తీశారో చూడు. ఆ పనివాళ్ల ముందు నేను ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాను.

అంచు కిందుగా కోసే ఈ అడుగు కోత, మొత్తం పని అయ్యాకే చెయ్యి. ముందే చేస్తే పై పనికి సుత్తి దెబ్బ పడ్డప్పుడు కింద ఆనుడు ఉండదు. సుత్తి పక్కన పెట్టు, ఏటవాలు మొన ఉన్న సన్న ఉలి చేత్తో తోస్తే చాలు. తెగిన పెళ్లను ఉలితో మీటి తీయకు, ఎక్కువ కొనలు విరిగేది ఆ మీటడంలోనే. రెండో వైపు నుంచి కూడా కోసి వదులు చేస్తే అదే రాలుతుంది. అడ్డనార కొన మీద అనుమానం ఉంటే, చివరి కోతలకు ముందు ఒక చుక్క ఫెవిక్విక్ ఇంకనిచ్చి పూర్తిగా ఆరనియ్యి. మొదట్లో నాకు ఇది నచ్చేది కాదు, ఇప్పుడు నేనూ చేస్తున్నాను.

పనిముట్లు కొత్తవి కొనాలని టెన్షన్ పడకు. ఈ పనికి ఆరు ఉలులు చాలు: చదునుది ఒకటి, తక్కువ వంపు పెద్దది ఒకటి, మధ్య వంపు పన్నెండు మిల్లీమీటర్లది, లోతు వంపు ఆరుది, వీ ఒకటి, ఏటవాలు మొనది ఒకటి. నావి సగం మా కమ్మరి పాత లారీ కమాన్ పట్టాతో చేసినవే. ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోని వేడికి వచ్చాక నూనెలో ముంచి, మళ్లీ మెల్లగా కాచి ఎండుగడ్డి రంగు రాగానే ఆపాలి. అంచు వాలు టేకుకు పాతిక డిగ్రీల దగ్గర పెట్టు.

డబ్బులకంటే ముందు వెలుతురు మార్చు. నెత్తి మీద ట్యూబ్‌లైట్ కింద చెక్కితే ఏ గుంటా కనపడదు. ఎడమ పక్క కింద నుంచి ఒకే బల్బు పెట్టుకో. ముడత సమంగా జారుతుందో లేదో నీడ అంచు చెప్తుంది. నీడ మధ్యలో తెగితే అక్కడ దిబ్బ ఉన్నట్టు.

సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మిషన్) పలకలు చవగ్గా వస్తున్నాయని, చేతిపనికి విలువ పోతోందని బాధపడ్డావు. ఆ మిషన్ మీద నాకు కోపం లేదు, ముద్ద రూపం దాకా నేనూ తీయించుకుంటాను. కానీ మన చుట్టుపక్కల ఉన్న మిషన్ల కత్తి పై నుంచి కిందకే దిగుతుంది, ఆకు కిందకు దూరి కోయలేదు. అందుకే ఆ ఆకులకు నీడ ఉండదు. గిరాకీకి రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, పక్క నుంచి బల్బు వేసి చూపించు. నేను ధర మాట్లాడేది అలాగే.

నీ గిరాకీ ఫోన్‌లో చూపించి అడిగిన ఆ చీలికల ఆకు అకాంథస్. గ్రీకు స్తంభాల తలల మీద వాడుకలోకి వచ్చి, గాంధార శిల్పాల దాకా నడిచొచ్చిన ఆకు అది. చీలికలు ఎన్ని ఉన్నా భయపడకు, ఒక్కో చీలిక ఒక్కో చిన్న పొట్లం. ఒక చీలిక పక్కదాని మీద ఎక్కే చోట కన్నీటి చుక్క ఆకారంలో గుంట వస్తుంది, ఆ గుంటలను ముందు గుర్తుపెట్టుకుంటే మిగతాది దారిలో పడుతుంది. కానీ పూజగది తలుపుకు మామిడాకో తమలపాకో అడిగి చూడు. తమలపాకుకు ఈనెలు తొడిమ దగ్గర నుంచే వంపులుగా లేస్తాయి, ముడత చాలా అందంగా కుదురుతుంది.

సాండ్‌పేపర్ ఆకు మీద పెట్టకు. పదును అంచులు కరిగిపోతాయి, రేణువులు నారలో ఇరుక్కుని తర్వాత ఉలిని తింటాయి. నేల మీద పట్టుకో, అది కూడా చెక్కడం పూర్తిగా అయ్యాక, ముక్కుకు మాస్క్ కట్టుకుని. టేకు పొడి కొందరికి దురద, ఆయాసం తెస్తుంది. పాలిష్ కూడా మందంగా పోస్తే ఈనెల్లో గడ్డకడుతుంది. పల్చని నూనె పూత పాత టూత్‌బ్రష్‌తో అద్ది, గుడ్డతో తుడిచేస్తే చాలు.

ఆ విరిగిన మూడు కొనలు. కింది దానికి ముక్క దొరికిందన్నావు, విరిగిన ముఖం తడమకుండా, రాపిడి పెట్టకుండా ఫెవికాల్‌తో అతికించి రాత్రంతా కట్టి ఉంచు, గీత కూడా కనపడదు. మిగతా రెండిటికి కొత్త ముక్క అతికించకు, రంగు కలవదు. విరిగిన చోటు నుంచే ఆకును పొట్టి చేసి, కొన వెనక్కి కాకుండా కిందకు వాలి తీగ మీద ఆనినట్టు మళ్లీ గీయి. నీకింకా పది మిల్లీమీటర్ల కట్టె ఉంది, సరిపోతుంది. ముందు ఒకటి చేసి, పక్క నుంచి బల్బు పెట్టి ఫొటో తీసి పంపు. రెండోది ముట్టుకునే ముందు చూసి చెప్తాను.